ఆకాశానికి పట్టిన గళ్ళు

మా తోడికోడలిని మా వీధిలో ఎవరూ పేరు పెట్టి పిలవరు. మరకల డాక్టరు అంటారు. నేను మాత్రం అక్కా అంటాను. వరసకూ అక్కే, వయసుకూ అక్కే. కానీ సంతోషం వచ్చిందంటే ఆవిడ కాళ్ళు నేల మీద ఆనవు. అప్పుడు చూసినవాళ్ళెవరైనా నన్నే పెద్దదాన్ని అనుకుంటారు.

మాది లాండ్రీ. విమానాశ్రయం ప్రహరీగోడకు రెండు వీధులు ఇవతల, మూడంతస్తుల ఇల్లు. కింద వాషింగ్ మెషీన్లు, మధ్యలో ఇస్త్రీ బల్లలు, ఆ పైన మా కాపురాలు, అన్నిటికన్నా పైన దుప్పట్లు ఆరేసే డాబా. కంబళ్ళు డ్రయ్యర్లో వేసినా తెల్ల దుప్పట్లు మాత్రం ఎండలోనే ఆరాలని మా బావగారి పట్టుదల. విమానాల్లో కప్పుకునే కంబళ్ళు, సీట్ల తలగుడ్డలు, పైలట్ల కోట్లు, మెకానిక్కుల ఓవరాల్స్ అన్నీ మా దగ్గరికే వస్తాయి. బావగారు మెషీన్లు చూసుకుంటారు. మా ఆయన వ్యాను తోలతాడు. నేను ఇస్త్రీ అయినవి మడతపెట్టి కట్టలు కడతాను. మా అత్తగారు కుర్చీలో కూర్చుని చేతిగుడ్డలు మడుస్తూ మా అందరికీ తప్పులు చెబుతారు. అక్క పని మరకలు వెతకడం.

వినడానికి అదేం పెద్ద పనిలా అనిపించదు. ఉతకబోయే ప్రతి బట్టనీ కిటికీ పక్కనున్న తెల్లబల్ల మీద పరిచి, వెలుతురులో అటూ ఇటూ వంచి చూసి, మరక ఉన్నచోట సుద్దముక్కతో సున్నా చుట్టాలి. అది దేని మరకో చెప్పాలి. కాఫీకి ఒక మందు, సిరాకి ఒకటి, తుప్పుకి ఇంకొకటి. తప్పు మందు పడిందంటే మరక ఆ బట్టతోనే కాపురం పెట్టేస్తుంది, ఇక వదలదు. అక్క గురి తప్పడం నేనెప్పుడూ చూడలేదు. ఒకసారి ఒక పైలట్ కోటు మడతలో గోరంత మచ్చ చూసి, "ఇది కాఫీ కాదు, చాక్లెట్. అదీ కరిగి పడలేదు, మీద కూర్చున్నాడు" అంది. ఆ పైలట్ కోటు తీసుకోవడానికి వచ్చినప్పుడు అడిగితే నిజమేనని ఒప్పుకుని, "మా ఆవిడకి చెప్పకండి, నన్ను తీపి మానెయ్యమన్నారు" అని బతిమాలుకున్నాడు.

ఇలాంటి మనిషి చేతికి కెమెరా రావడం బావగారి పుణ్యం. ఇస్త్రీ బల్లకి పాత మోటారు ఒకటి కొనుక్కొస్తానని పొద్దున్న వెళ్ళిన మనిషి, మెడలో కెమెరాతో, చంకలో మోచేయంత లెన్సుతో తిరిగొచ్చారు. బజారులో పెళ్ళిఫోటోల స్టూడియో ఒకటి మూసేస్తున్నారట.

"మోటారేదండీ?" అంది అక్క.

"మోటారు ఎప్పుడైనా దొరుకుతుంది. రోజూ డాబా మీద తడి దుప్పటి పట్టుకుని, నోరు తెరుచుకుని విమానాలు చూస్తూ నిలబడతావు కదా. ఎలాగూ నిలబడతావు, ఇది కూడా పట్టుకుని నిలబడు."

అక్క కెమెరా వంక చూసింది, ఆయన వంక చూసింది, కెమెరా లాక్కుని మెట్లెక్కి పరుగు. తడి దుప్పట్ల బుట్ట నాకు మిగిలింది.

మా డాబా సరిగ్గా విమానాలు దిగే దారి కింద ఉంటుంది. చక్రాలు చాపుకుని ఎంత కిందుగా వస్తాయంటే, పొట్ట మీది అక్షరాలు కళ్ళజోడు లేకుండా మా అత్తగారు చదువుతారు. అక్క ఆరేసిన దుప్పట్ల మధ్య నిలబడి, గాలికి దుప్పటి మొహాన కొడుతుంటే మోచేత్తో తోసుకుంటూ, టకటకా నొక్కేది. మొదటి వారం తీసినవాటిలో సగం దుప్పట్లే. కానీ మిగతా సగంలో విమానాలు నిజంగా విమానాల్లాగే ఉన్నాయి. ఇంటిల్లిపాదీ తెగ మురిసిపోయాం.

ఆ మురిపెంలో మా ఆయన ఒక మాట వదిలాడు. ప్రపంచంలో విమానాల పిచ్చి ఉన్నవాళ్ళంతా ఫోటోలు పంపే వెబ్‌సైటు ఒకటుంది, కానీ పంపినవన్నీ పెట్టరు, పరిశీలకులు ముగ్గురు పెద్దది చేసి చూసి, వెంట్రుకంత లోపం కనబడినా తిప్పికొడతారు అన్నాడు.

"లోపాలు వెతికే ఉద్యోగమా?" అక్క కళ్ళు మెరిశాయి. "మన బాపతే! పంపిద్దాం వదినా అను."

"పంపిద్దాం వదినా" అన్నాడు మా ఆయన.

నీలం తోక విమానం ఒకటి పంపింది. మూడు రోజులకి జవాబొచ్చింది. తిరస్కరించాం. కారణం, కంప్రెషన్ లోపాలు.

"కంప్రెషన్ అంటే నొక్కడం కదూ?" అంది అక్క. "నేనేం నొక్కాను? బటన్ నొక్కాను. నొక్కకుండా ఫోటో ఎలా పడుతుంది చెల్లీ?"

నాకూ తెలియలేదు. రెండోసారి బటన్ని పసిపాప బుగ్గ తాకినట్టు తాకింది. తిరస్కరించాం, కంప్రెషన్ లోపాలు. లెన్సు మీద దుమ్మేమోనని బావగారు పట్టుబట్ట తెచ్చి గంటసేపు తుడిచారు. తిరస్కరించాం. కంప్యూటర్ తెర తుడిచారు. తెర తుడిస్తే ఏమొస్తుందని మా ఆయన నవ్వితే, అతనిచేతా తుడిపించారు. తిరస్కరించాం. అలా పదకొండు ఫోటోలు వెళ్ళిన దారినే వెనక్కొచ్చాయి. కొన్నిటికి కంప్రెషన్‌తో పాటు ఇంకో లోపం కూడా రాసేవారు గానీ, కంప్రెషన్ మాత్రం ప్రతిసారీ ఉండేది.

అక్కకి దిగులు రాలేదు, రోషం వచ్చింది. తిరస్కరించారని కాదు. "మరక ఉందంటున్నారు. నేను చూస్తున్నాను. నాకు కనబడటం లేదు! నాకు కనబడని మరకేమిటి?" అని తెల్లబల్ల మీద చరిచింది. బల్ల మీద సుద్దముక్కలు గాల్లోకి లేచాయి.

అసలు తప్పెక్కడుందో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఫోటోల్ని దిద్దేది కౌంటర్ మీది కంప్యూటర్లో. కింద పెద్ద డ్రయ్యర్ ఆన్ చేసినప్పుడల్లా కరెంటు ఒక్క క్షణం తగ్గి, ఆ కంప్యూటర్ టప్పున ఆరిపోతుంది. చేసిన పనంతా పోతుంది. అందుకని అక్క మహా జాగ్రత్తగా ఉండేది. అంచులు కత్తిరించగానే సేవ్, మూసెయ్. మళ్ళీ తెరిచి కాస్త వెలుగు పెంచి సేవ్, మూసెయ్. తెరిచి పదును పెట్టి సేవ్. మర్నాడు పొద్దున్న లేచి, రాత్రి పెంచిన వెలుగు ఎక్కువైందనిపిస్తే తగ్గించి సేవ్. అన్నీ అదే ఫైలు మీద. అంత పొందికైన మనిషిని చూసి నేర్చుకోవాలని నేననుకునేదాన్ని.

మా ఎదురుగా బ్యానర్లు ప్రింటు చేసే ఆయన ఉన్నారు. వీధి మొత్తానికి బ్యానర్ బాబాయ్. దుకాణాల బోర్డులూ, సినిమాల పోస్టర్లూ, ఇళ్ళమ్మే ప్రకటనలూ అన్నీ ఆయన మెషీన్లోంచే రావాలి. నెలకోసారి సిరా పడ్డ ఆప్రాన్లు తెచ్చి అక్క ముందు పడేసి, "నీ ఇష్టమమ్మా" అని వెళ్ళిపోతారు. ఆ రోజు మాత్రం వెళ్ళలేదు. అక్క మొహం చూసి ఆగారు.

"ఏమైందమ్మా, మా సిరా అంత ముదిరిపోయిందా?"

"మీ సిరా కాదు బాబాయ్‌గారూ. నా ఫోటోల్లో మరకలున్నాయట. కంప్రెషన్ మరకలు. మీరెప్పుడైనా విన్నారా?"

ఆయన పకపకా నవ్వారు. "విన్నానా? ఇరవై ఏళ్ళుగా వాటితోనే కాపురం చేస్తున్నా. ఫోన్లో వచ్చిన వేలెడంత ఫోటో పంపించి, దీన్ని ఇంటి ఎత్తున ప్రింటు చెయ్యండి అంటారు జనం. పద, నా కంప్యూటర్లో చూద్దాం."

ఇద్దరం ఆయన వెంట రోడ్డు దాటాం. ఆయన తెర మా ఇస్త్రీ బల్లంత ఉంది. నీలం తోక విమానం తెరిచి నాలుగు వందల శాతానికి పెంచారు. విమానం తెరలో పట్టక, తోక ఒక్కటే మిగిలింది.

"తోక మీద అక్షరాల చుట్టూ చూడు."

నల్ల అక్షరాల అంచుల్లో, దోమలు ముసిరినట్టు, బూడిదరంగు నలుసులు.

"ఇప్పుడు ఆకాశం చూడు."

పైనుంచి కిందికి నున్నగా పలచబడాల్సిన నీలం, మెట్లు మెట్లుగా దిగింది.

"ఇక రెక్క కింద నీడలో చూడు."

గళ్ళు! చిన్న చిన్న చదరాలు, స్నానాల గదిలో టైల్స్ పరిచినట్టు, వరసగా, ఒకదాన్నొకటి ఆనుకుని!

అక్క రెండు చేతులతో నోరు మూసుకుంది. ఏడుస్తుందేమోనని నేను భుజం పట్టుకోబోయాను. చేతులు తీసేసరికి ఆ మొహం నిండా నవ్వు.

"చెల్లీ! కొత్త మరకే! పాతికేళ్ళలో నేను చూడని మరక!" అని గెంతి, అలవాటు కొద్దీ జేబులోంచి సుద్దముక్క తీసి తెర మీదే సున్నా చుట్టబోయింది. బాబాయ్ చెయ్యి పట్టుకుని ఆపారు కాబట్టి తెర బతికింది.

"ఎలా పడతాయి ఇవి? ఎక్కణ్ణించి వస్తాయి? చెప్పండి చెప్పండి!"

"జేపెగ్ అనే రకం ఫైలుంది కదమ్మా, అది పుట్టిందే చోటు ఆదా చెయ్యడానికి. ఫోటోని చిన్న చిన్న గళ్ళుగా కోసి, ఒక్కో గడిలో మన కంటికి ఆనదనుకున్న వివరాన్ని పారేస్తుంది. ఒక్కసారి పారేస్తే ఏం కాదు, తెలియను కూడా తెలియదు. నువ్వు తెరిచి, మార్చి, మళ్ళీ సేవ్ చేశావనుకో, మిగిలినదాంట్లోంచి మళ్ళీ కొంత పారేస్తుంది. ఇంతకీ దీన్ని ఎన్నిసార్లు సేవ్ చేశావు?"

అక్క వేళ్ళు ముడిచింది. ఆవిడ వేళ్ళు అయిపోతే నా వేళ్ళు పట్టుకుంది.

"పద్నాలుగు" అంది చిన్న గొంతుతో.

బాబాయ్ కుర్చీలో వెనక్కి వాలి పైకప్పు వంక చూశారు.

"ఒకే చొక్కాని పద్నాలుగు సార్లు ఉడకబెట్టాను అంటారు" అంది అక్క. "అయితే పారేసింది మళ్ళీ తెచ్చుకోలేమా?"

"పోయింది పోయినట్టే. మొదటి కాపీ ఉంటే చెప్పు."

"దాని మీదే సేవ్ చేశాను."

ఆ పదకొండు ఫోటోలూ ఇక అంతే. బయట ఒక విమానం దిగుతున్న చప్పుడు వచ్చింది, దగ్గరైంది, వెళ్ళిపోయింది. అక్క లేచి, "పోనివ్వండి, విమానాలు రోజూ దిగుతూనే ఉంటాయిగా. కొత్తవి తీస్తాను. ఈసారి ఎలా తియ్యాలో చెప్పండి" అంది.

బాబాయ్ ముందు కెమెరా లోపల చూశారు. స్టూడియోవాళ్ళు ఒకే కార్డులో పెళ్ళంతా పట్టాలని, ఫైలు వీలైనంత చిన్నదిగా వచ్చేలా పెట్టుకున్నారు. అంటే అక్క ముట్టుకోకముందే కెమెరా సగం పారేస్తోంది. దాన్ని రా ఫైలుకి మార్చారు. కెమెరా కన్ను చూసినది చూసినట్టు దాచే ముడి ఫైలు అన్నమాట. దాన్ని ఎప్పుడూ ముట్టుకోకూడదు. దిద్దుకోవడానికి వేరే కాపీ టిఫ్ రకంలో పెట్టుకోవాలి, అది ఎన్నిసార్లు సేవ్ చేసినా అరగదు. వెలుగు, రంగు, కత్తిరింపు అన్నీ దానిలోనే. నీడల్ని బలవంతంగా వెలిగించకూడదు. ఆకాశాన్ని మరీ పీకకూడదు, మెట్లు పడతాయి. వెబ్‌సైటు అడిగిన కొలతకి తగ్గించాక, ఆఖర్న, చిటికెడు పదును. అన్నీ అయ్యాక జేపెగ్, నాణ్యత చివరంటా పెంచి, ఒకే ఒక్కసారి. అది కూడా కొత్త పేరుతో.

"ఇంకోటి" అన్నారు బాబాయ్ గుమ్మం దాకా వచ్చి. "ఫోన్ మెసేజీల్లో మాత్రం పంపకు. అక్కడ వాళ్ళు నిన్నడక్కుండానే నొక్కేస్తారు."

ఆ నాలుగు మాటలూ అక్క తెల్లబల్ల పైన గోడ మీద, కాఫీ మందుకీ తుప్పు మందుకీ పక్కన, సుద్దతో రాసుకుంది. మా ఆయన కంప్యూటర్ని డ్రయ్యర్ కరెంటు లైనులోంచి తప్పించి మేడ మీదికి మార్చాడు.

ఆ తరవాత పది రోజులు ఇంట్లో ఒకటే గోల. కెమెరా ఎక్కడ మళ్ళీ పాత పద్ధతికి మారిపోతుందోనని అక్కకి భయం. విమానం కనబడగానే తెర చూసుకుని, "రా! రా! రా!" అని పైకే అనుకునేది. వదిన తనని పిలుస్తోందనుకుని మా ఆయన మూడంతస్తులూ ఎక్కి రొప్పుతూ వచ్చేవాడు. మూడు రోజులు వరసగా ఎక్కాడు. నాలుగో రోజు నిజంగానే దుప్పట్ల తాడు తెగి, "రా!" అని ఎంత అరిచినా రాలేదు.

పైగా కొత్త మరక తెలిశాక ఆవిడకి లోకమంతా గళ్ళే. బస్సు వెనక ప్రకటనలో గళ్ళు. పెళ్ళి కార్డు మీద వధూవరుల చుట్టూ దోమలు. పళ్ళ డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. నోరు బార్లా తెరిచి పడుకుని కూడా గోడకేసి వేలు చూపిస్తూ "ఆ అ ఆ అ" అంటోంది. డాక్టరు కంగారుపడి మెషీను ఆపి, నొప్పిగా ఉందా అని అడిగారు.

"కాదండీ, ఆ పోస్టర్లో పళ్ళకి గళ్ళు పడ్డాయి. ఎవరో చాలాసార్లు సేవ్ చేశారు."

ఆయన పాపం లేచి వెళ్ళి చూసొచ్చారు.

అసలు సంగతి ఒక బుధవారం జరిగింది. నారింజరంగు తోక విమానం ఒకటి రోజూ పొద్దున్న తొమ్మిదికి దిగి, మధ్యాహ్నం రెండింటికి మళ్ళీ ఎగిరిపోతుంది. ముందు రోజు అక్క దాన్ని తీసింది గానీ, దుప్పటి అంచు అడ్డం పడింది. బుధవారం దుప్పట్లు ఆరెయ్యనివ్వకుండా అందరినీ ఆపి మళ్ళీ తీసింది. ఎండ బాగుంది. అయిదు ఫోటోలు పడ్డాయి. కిందికి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుని నాలుగు వందల శాతానికి పెంచి, బట్ట చూసినట్టు ఒక మూలనుంచి ఇంకో మూలకి చూసుకుంటూ వెళ్ళింది. నేను పక్కనే తలగుడ్డలు మడుస్తున్నాను.

"ఆకాశం శుభ్రం. అక్షరాలు శుభ్రం. రెక్క శుభ్రం." ఒక్కసారి ఆగింది. "చెల్లీ, మళ్ళీ వచ్చింది మాయదారిది!"

చక్రం పైన, దాన్ని మోసే కాలు దగ్గర మొదలై వెనక్కి పాకిన సన్నటి చార.

"మళ్ళీ గళ్ళేనా అక్కా?"

ఆవిడ ముక్కు తెరకి ఆనించింది. "గళ్ళ మరకైతే గడి అంచున ఆగాలి. ఇది ఆగలేదు. జారింది." ముడి ఫైలు తెరిచింది, చార అక్కడే ఉంది. రెండో ఫోటో తెరిచింది, ఉంది. అయిదింటిలోనూ ఉంది, ఒకే చోట. ముందు రోజు ఫోటో తెరిచింది. దుప్పటి అంచు పక్కన చక్రం స్పష్టంగా ఉంది. చార లేదు.

"ఇది కంప్యూటర్ మరక కాదే" అంది లేచి నిలబడి. "విమానం మరక!"

రంగు కూడా గుర్తుపట్టింది. లేత ఊదా. మెకానిక్కుల ఓవరాల్స్ మీద వారం వారం చూసే రంగే. విమానం బ్రేకులకీ చక్రాలు ముడవడానికీ వాడే నూనె అది. చేతికి తగిలితే మంట పుడుతుంది, బట్టకి తగిలితే బతిమాలినా వదలదు. అక్క ఆ మరకతో ఎన్నిసార్లు కుస్తీ పట్టిందో నాకు తెలుసు.

ఇప్పుడు ఎవరికి చెప్పాలి? ఆ విమాన సంస్థలో మాకు తెలిసింది కంబళ్ళ సూపర్‌వైజర్ ఒక్కడే. అక్క ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టాం.

"కంబళ్ళు రేపు కదండీ ఇవ్వాల్సింది?" అన్నాడాయన.

"కంబళ్ళు కాదు సార్. మీ విమానానికి మరక పడింది."

"విమానాన్ని మేము మీకు ఉతకడానికి ఇవ్వలేదే!"

"ఇవ్వలేదు సార్, నేనే చూశాను. చక్రం దగ్గర నూనె కారింది. మీ ఇంజనీరుగారికి ఇవ్వండి ఒక్కసారి, మీకు పుణ్యముంటుంది."

రెండు నిమిషాల తరవాత గొంతు మారింది. ఇంజనీరుగారు ఓపికగా విన్నారు. "మీ దగ్గర ఫోటో ఉందన్నారు కదా, నాకు ఫోన్లో మెసేజ్ చేసెయ్యండి."

"చెయ్యను!" అంది అక్క.

ఇస్త్రీ బల్ల దగ్గర బావగారు బిక్కచచ్చిపోయారు. విమానాల ఇంజనీరుతో అలా మాట్లాడతారా ఎవరైనా?

"ఏమీ అనుకోకండి సార్. మెసేజీలో పంపితే నొక్కేస్తారు. గళ్ళు పడతాయి. మీరా గళ్ళు చూసి, ఇది ఫోటోలో లోపమేనమ్మా అంటారు. అసలు ఫైలే పట్టుకొస్తాను. గేటు దగ్గరికి రండి."

"రండి" అన్నారాయన.

మా ఆయన వ్యాను తీశాడు. పక్కన అక్క, పిడికిట్లో పెన్‌డ్రైవ్. వెనక కంబళ్ళ కట్టల మధ్య నేను. ఆ రెండు వీధుల్లో ఉన్న మూడు మలుపుల్లోనూ కట్టలు నా మీద పడ్డాయి. కంబళ్ళ కింద నుంచి నేను నవ్వుతున్నాను, ముందు సీట్లో అక్క నవ్వుతోంది, ఎందుకో ఇద్దరికీ తెలియదు. మా ఆయన మాత్రం "నవ్వకండి, నాకు స్టీరింగ్ వణుకుతోంది" అంటున్నాడు.

సామాన్ల గేటు దగ్గర ఇంజనీరుగారు లాప్‌టాప్‌తో నిలబడి ఉన్నారు. వ్యాను బానెట్ మీదే దాన్ని పెట్టి ఫైలు తెరిచారు. పెంచారు. ఇంకా పెంచారు. మొహంలో నవ్వు తగ్గిపోయింది.

"ఇది ఎప్పుడు తీశారు మేడమ్?"

"పొద్దున్న తొమ్మిదీ పదికి. ఇది నిన్నటిది, చూడండి, లేదు."

ఆయన లాప్‌టాప్ బానెట్ మీదే వదిలేసి పరిగెత్తారు. మళ్ళీ వెనక్కొచ్చి, లాప్‌టాప్ తీసుకుని, మళ్ళీ పరిగెత్తారు.

మేము వ్యానులోనే కూర్చున్నాం. బావగారు పది నిమిషాలకోసారి ఫోన్ చేసి, "నిన్ను లోపలేశారా?" అని అడుగుతున్నారు. గంటన్నర గడిచింది. ఇంజనీరుగారు వచ్చారు. మొహమంతా నవ్వు, ఓవరాల్ కుడి చేతి మడత మీద ఊదారంగు.

"బ్రేకు గొట్టం అతుకు దగ్గర కారుతోంది మేడమ్. ఉన్నమాట చెప్పాలి, బయల్దేరే ముందు మా వాళ్ళు చుట్టూ తిరిగి చూస్తారు, అప్పుడైనా దొరికేదే. కానీ అప్పటికి జనమంతా ఎక్కి కూర్చునేవాళ్ళు, మళ్ళీ అందరినీ దించాల్సి వచ్చేది. మీ పుణ్యమా అని గొట్టం మార్చేశాం. రెండింటికే వెళ్తుంది."

అక్క ఆయన మాట వింటోందో లేదో. ఆయన చేతిమడతనే చూస్తోంది. "రుద్దకండి సార్! నీళ్ళు కూడా తగలనివ్వకండి! అలాగే విప్పి నాకు పంపండి!"

రెండింటికి మమ్మల్ని గేటు లోపలి కంచె దాకా రానిచ్చారు. నారింజరంగు తోక మా ముందునుంచే పరుగు తీసి, ముక్కెత్తి, చక్రాలు ముడుచుకుని వెళ్ళిపోయింది. అక్క కంచె పట్టుకుని గెంతుతూ చేతులూపుతూ కేకలు పెడుతూనే ఉంది. విమానం చుక్కయ్యాక నా వంక తిరిగి, "అయ్యో, ఫోటో తియ్యలేదే!" అంది. మెడలో కెమెరా అలాగే ఊగుతోంది. ముగ్గురం వ్యానుకి ఆనుకుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాం.

పొద్దున్న తీసిన ఫోటోనే, పద్ధతి ప్రకారం టిఫ్‌లో దిద్ది, ఒకే ఒక్కసారి జేపెగ్ చేసి, వెబ్‌సైటుకి పంపింది. మూడో రోజు మేడ మీద కంప్యూటర్ దగ్గర్నుంచి కేక. పరిగెత్తుకెళ్ళేసరికి అక్క గిరగిరా తిరుగుతోంది. బావగారు వచ్చి ఆమె చేతులు పట్టుకుని తానూ తిరిగారు. మా ఆయన ఎదుటి షాపుకి పరిగెత్తి బాబాయ్‌ని తెచ్చాడు. అందరికీ టీలు వచ్చాయి. అప్పుడు నేను తెర మీదికి వంగి చదివాను.

"అక్కా, ఇది తిరస్కరణే. తిరస్కరించాం అని రాసి ఉంది."

"చదివానే! కింద కారణం చదువు!"

ఫోటో ఒక డిగ్రీ కుడివైపుకి ఒరిగింది. అంతే ఉంది.

"ఒరిగిందట!" అని అక్క మళ్ళీ గెంతింది. "ఒరిగిందట చెల్లీ! ఒరగడం తప్ప ఇంకేం లేదట! గళ్ళు లేవు, దోమలు లేవు, మెట్లు లేవు!"

బావగారు చేతిలో టీ గ్లాసుతో అయోమయంగా నిలబడ్డారు. "అంటే ఒప్పుకున్నట్టా, ఒప్పుకోనట్టా?" బాబాయ్ మాత్రం అర్థమైనట్టు అక్క చెయ్యి పట్టుకుని ఊపేశారు.

టిఫ్ కాపీ భద్రంగా ఉంది కాబట్టి, దాన్ని తెరిచి ఒక డిగ్రీ నిలబెట్టి, కొత్తగా మళ్ళీ ఒక్కసారే సేవ్ చేసి పంపింది. ఈసారి ఒప్పుకున్నారు. అక్క ఫోటో ఆ వెబ్‌సైటులో పడింది. మర్నాడు ఇంజనీరుగారు తన ఓవరాల్‌తో పాటు ఇంకో ఆరుగురివి మోసుకొచ్చి, వాళ్ళ ఆఫీసు గోడకి ఆ ఫోటో కావాలని అడిగారు. బాబాయ్ వాళ్ళకోటి ప్రింటు చేసి, అడక్కుండానే మాకోటి చేశారు. మాది గది గోడంత వెడల్పు.

ఇంటికెవరొచ్చినా అక్క వాళ్ళని ముందు దాని దగ్గరికి లాక్కెళ్తుంది. విమానం చూపించదు. ఒక మూల నిలబెట్టి, ముక్కు గోడకి ఆనేంత దగ్గరికి తోసి, ఆకాశం చూపిస్తుంది.

"ఏముంది?" అంటుంది.

"ఏమీ లేదే" అంటారు వాళ్ళు బెదురుగా.

"ఏమీ లేదు కదూ!" అని చప్పట్లు కొడుతుంది.

మొన్న మా అత్తగారి వంతు వచ్చింది. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకుని, ఆ వట్టి నీలాన్ని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చాలాసేపు పరీక్షగా చూశారు. అక్క చప్పట్లకి చేతులెత్తి పట్టుకుని నిలబడింది.

"బాగుంది గానీ" అన్నారు అత్తగారు, "విమానం ఎక్కడే?"